అరచేతిలో ఆర్కేడ్

స్పేస్ ఇన్వేడర్స్ ఆట మొదలయ్యేసరికి తెర మీద 55 గ్రహాంతర జీవులుంటాయి. వరుసకు 11 చొప్పున అయిదు వరుసలు. మొదట్లో అవి నత్తనడక నడుస్తాయి. ఆటగాడు ఒక్కొక్కదాన్నీ కూలుస్తున్నకొద్దీ మిగిలినవి జోరందుకుంటాయి. ఆఖరున మిగిలిన ఒకే ఒక్కటి తెర ఈ కొస నుంచి ఆ కొసకు పరుగు తీస్తుంది. జపాన్‌లోని టైటో సంస్థ కోసం 1978లో ఈ ఆటను తయారుచేసిన తొమొహిరో నిషికాదో ఆ జోరును ముందుగా తలపెట్టి రాయలేదు. యంత్రంలోని ఇంటెల్ 8080 ప్రాసెసర్ సెకనుకు దాదాపు 20 లక్షల టిక్కులతో నడిచేది. ఆ వేగంతో అన్ని బొమ్మలనూ ఒకేసారి కదపడం దాని వల్ల కాదు. అందుకని తెర మారిన ప్రతిసారీ, అంటే సెకనులో అరవయ్యో వంతుకు ఒకసారి, ఒక్క జీవిని మాత్రమే కదిపేది. 55 ఉన్నప్పుడు అన్నిటి వంతూ పూర్తయ్యేసరికి దాదాపు సెకను గడిచిపోయేది. ఒక్కటే మిగిలాక ప్రతిసారీ వంతు దానిదే. గుండె వేగం పెంచే ఆ ఉత్కంఠ ప్రాసెసర్ బలహీనతలోంచి పుట్టింది.

అలాంటి ఆటలు ఇప్పుడు నింటెండో స్విచ్, స్టీమ్ డెక్, అనలాగ్ పాకెట్ వంటి చేతిలో ఇమిడే కన్సోళ్లలో నడుస్తున్నాయి. నలభై ఏళ్లకు పైబడిన ఆటను కొత్త యంత్రంలో నడపడం చాలా తేలికని పైకి అనిపిస్తుంది. స్టీమ్ డెక్ ప్రాసెసర్ గడియారం 3.5 గిగాహెర్ట్జ్ దాకా పరుగెత్తుతుంది, పాత ప్రాసెసర్ల కంటే వెయ్యి రెట్లకు పైగా. కష్టమల్లా వేరే చోట ఉంది. పెద్ద పెట్టెల్లో వచ్చిన ఆర్కేడ్ ఆటలో ప్రోగ్రాము సగమే, మిగతా సగం యంత్రమే. స్పేస్ ఇన్వేడర్స్ ప్రోగ్రాము మొత్తం 8 కిలోబైట్లు. దాన్ని మాత్రమే నకలు తీసి నడిపితే తెర మీద తెలుపు నలుపుల్లో, చప్పుడు లేని ఆట కనిపిస్తుంది. తొలి పెట్టెల్లో రంగులు తెర మీద అంటించిన రంగు కాగితపు పట్టీల నుంచి వచ్చేవి. వెనకాల కనిపించే చంద్రుడి నేల అట్ట మీద వేసిన బొమ్మ, సగం పారదర్శకమైన అద్దంలో ఆటతో కలిసి కనబడేది. శబ్దాలను ప్రోగ్రాము పుట్టించేది కాదు. అది స్విచ్ వేసినట్టు సంకేతం ఇస్తే, రెసిస్టర్లు, కెపాసిటర్లు ఉన్న సర్క్యూట్లు మోగేవి. అందుకే పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్లు చాలా ఏళ్లపాటు ఈ ఆటకు అసలు పెట్టె నుంచి రికార్డు చేసిన శబ్దాలను వాడుకోవలసి వచ్చింది.

ఈ సంగతి లోతుగా చూడటానికి పాక్‌మాన్ మంచి ఉదాహరణ. నామ్‌కో సంస్థలో తోరు ఇవతాని రూపకల్పన చేసిన ఈ ఆట 1980లో జపాన్‌లో ‘పక్‌మాన్’ పేరుతో వచ్చింది. దాని బోర్డు మీద జైలాగ్ జెడ్80 ప్రాసెసర్ 3.072 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. ప్రోగ్రాము 16 కిలోబైట్లు. తెర 224 పిక్సెళ్ల వెడల్పు, 288 పిక్సెళ్ల ఎత్తు. తెరంతటినీ పిక్సెల్ పిక్సెల్‌గా గుర్తుపెట్టుకునేంత మెమరీ అప్పట్లో ఖరీదు కాబట్టి, దాన్ని 28 అడ్డంగా, 36 నిలువుగా గడులు గీశారు. ఒక్కో గడి ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్లు. ఏ గడిలో ఏ బొమ్మ పెట్టాలో మెమరీలో ఒక సంఖ్య చెబుతుంది. గోడలు, చుక్కలు, అంకెలు అన్నీ ఈ గడుల బొమ్మలే. పాక్‌మాన్, నాలుగు దయ్యాలు మాత్రం గడులకు కట్టుబడకుండా వాటి పైన తేలే విడి బొమ్మలు.

జెడ్80 భాష స్టీమ్ డెక్ ప్రాసెసర్‌కు అర్థం కాదు. ఇద్దరి మధ్య దుబాసీ కావాలి. ఆ దుబాసీ పేరు ఎమ్యులేటర్. అది పాత ప్రోగ్రాములోని ఆజ్ఞలను ఒకటొకటిగా చదివి, జెడ్80 అయితే ఏం చేసేదో సరిగ్గా అదే చేస్తుంది. ఉదాహరణకు 60 అనే సంఖ్య ఆజ్ఞగా ఎదురైతే ‘ప్రాసెసర్‌లోని A అనే రిజిస్టర్‌లో ఉన్న సంఖ్యకు ఒకటి కలుపు’ అని అర్థం. దానికి జెడ్80 నాలుగు టిక్కులు తీసుకుంటుంది. ఎమ్యులేటర్ ఒకటి కలిపి, తన లెక్కల పుస్తకంలో నాలుగు టిక్కులు ఖర్చు రాసుకుంటుంది. పాక్‌మాన్‌లో ఒక ఫ్రేముకు, అంటే తెర ఒకసారి పూర్తిగా మారేలోపు, 50,688 టిక్కులు పడతాయి. ఆ ఖాతా నిండగానే ఎమ్యులేటర్ బొమ్మను తెరకు పంపి, తరువాతి ఫ్రేము వేళయ్యే దాకా ఆగుతుంది. కొత్త ప్రాసెసర్‌కు ఈ పని కన్నుమూసి తెరిచేంత కూడా పట్టదు. ఎమ్యులేటర్‌లో నైపుణ్యమంతా ఆగడంలో, సరిగ్గా వేళకు కదలడంలో ఉంది.

ఆ ఒకటి కలిపే ఆజ్ఞకే ఇంకో కథ ఉంది. ఆ A రిజిస్టర్‌లో 0 నుంచి 255 దాకానే పడుతుంది. 255కు ఒకటి కలిపితే మళ్లీ 0 వస్తుంది. పాక్‌మాన్ తెర అడుగున, ఆటగాడు ఎన్నో స్థాయిలో ఉన్నాడో చూపే పండ్ల వరుస ఉంటుంది. 256వ స్థాయిలో, దాన్ని గీసే చోట, సున్నాతో మొదలైన స్థాయిల లెక్క 255 దగ్గర ఉంటుంది. ప్రోగ్రాము ఒకటి కలపగానే అది సున్నా అవుతుంది. పండ్లు గీసే ఆవృత్తి, లెక్కలో ఒకటి తగ్గించాకే సున్నా అయిందా అని చూస్తుంది కాబట్టి, సున్నాతో మొదలై 256 సార్లు తిరుగుతుంది. పండ్ల బొమ్మలు అయిపోయాక దాని పక్కన మెమరీలో ఏముంటే అది తెచ్చి తెర కుడి సగమంతా కుమ్మరిస్తుంది. అక్షరాలు, అంకెలు, తునిగిన గోడలు కలగాపులగమై ఆ స్థాయి ఇక దాటరానిది అవుతుంది. మంచి ఎమ్యులేటర్‌లో ఈ తెర అక్షరాలా అలాగే విరుగుతుంది. ఎమ్యులేటర్ రాసినవారు పండ్ల గురించి ఏమీ ఆలోచించి ఉండరు. 255 తరువాత 0 రావాలన్న ఒక్క నియమాన్ని నిజాయితీగా పాటించి ఉంటారు, అంతే. ఆటను కొత్తగా తిరగరాసే పద్ధతికీ, ఎమ్యులేషన్‌కూ తేడా ఇదే. 1982లో అటారీ 2600 కన్సోల్ కోసం పాక్‌మాన్‌ను తిరగరాశారు. ఆ కన్సోల్ ఒకేసారి గీయగల విడి బొమ్మలు చాలా తక్కువ కావడంతో దయ్యాలు మినుకుమినుకుమంటూ కనబడేవి, గోడలతో ఏర్పడిన చిట్టడవి ఆకారం కూడా వేరు. పేరు పాక్‌మానే గానీ ఆట అది కాదు.

ఎమ్యులేటర్ కచ్చితత్వాన్ని తేల్చే పరీక్ష ఒకటి ఆటగాళ్ల వేళ్లలోనే ఉంది. పాక్‌మాన్ దయ్యాలు యాదృచ్ఛికంగా తిరుగుతున్నట్టు కనిపిస్తాయి గానీ, ఒకే స్థాయిలో ఒకే క్షణాన ఒకే మలుపు తిరిగితే అవి ప్రతిసారీ ఒకేలా స్పందిస్తాయి. ఈ గుట్టు పట్టేసిన ఆటగాళ్లు దారులను కంఠస్థం చేశారు. 1980ల మొదట్లో అమెరికాలో ఆ దారుల పటాలతో పుస్తకాలే అచ్చయ్యాయి. ఎమ్యులేటర్ లెక్కలో కొద్ది తేడా వచ్చినా కంఠస్థమైన దారి మధ్యలో దయ్యం ఎదురవుతుంది. నలభై ఏళ్ల కిందటి దారి ఈనాటి కన్సోల్‌లో చివరిదాకా పనిచేసిందంటే లోపలి లెక్క సరిగ్గా ఉన్నట్టు.

ఈ పనికి పెద్ద పునాది వేసింది ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా. పాక్‌మాన్ తరహా బోర్డుల ఎమ్యులేటర్లను ఒకచోట చేర్చి ఆయన 1997 ఫిబ్రవరిలో ‘మేమ్’ తొలి రూపాన్ని విడుదల చేశారు. తరువాత ఎందరో స్వచ్ఛందంగా చేయి వేయడంతో అది వేలాది ఆర్కేడ్ యంత్రాలకు విస్తరించింది. 2016లో ఓపెన్ సోర్స్ లైసెన్సు కిందికి వచ్చింది. ఆటలు ఆడుకోవడానికే ఇది పుట్టిందని చాలామంది అనుకుంటారు. యంత్రాలు ఎలా పనిచేశాయో రాసిపెట్టడం మేమ్ మొదటి లక్ష్యం, ఆట నడవడం ఆ రాత సరైనదనడానికి రుజువు. ఈ పనికి గడువు కూడా ఉంది. పాత బోర్డుల మీది కొన్ని రకాల రోమ్ చిప్పుల్లో సమాచారం విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది కారిపోతుంది. క్యాప్‌కామ్ సంస్థ 1993లో తెచ్చిన సీపీఎస్-2 బోర్డులైతే మరీ సున్నితం. నకళ్లను అడ్డుకోవడానికి ప్రోగ్రామును గుప్తలిపిలో రాసి, దాన్ని విప్పే తాళంచెవిని బ్యాటరీ మీద బతికే మెమరీలో పెట్టారు. బ్యాటరీ అయిపోతే బోర్డు చచ్చినట్టే. ఆ గుప్తలిపి గుట్టును 2007లో ఆండ్రియాస్ నైవ్, సాల్మోరియా కలిసి ఛేదించారు. కొన్ని చిప్పుల విషయంలో అయితే పై పొరను ఆమ్లంతో కరిగించి, సూక్ష్మదర్శిని కింద ఫొటోలు తీసి, సున్నాలు ఒకట్లు కంటితో చదువుకోవలసి వచ్చింది. తాళపత్రాలను చెదలు తినేలోపు ఎత్తిరాసుకున్నవారి శ్రమతో పోల్చదగిన పని ఇది.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఎమ్యులేటర్‌కూ, ఆట ప్రోగ్రాముకూ వేర్వేరు లెక్క. ఎమ్యులేటర్ తయారీలో భాగంగా చేసే పరిశోధన న్యాయసమ్మతమేనని అమెరికాలో సోనీకీ, ఎమ్యులేటర్ తయారుచేసిన కనెక్టిక్స్ సంస్థకూ మధ్య వివాదంలో 2000లో అప్పీళ్ల కోర్టు చెప్పింది. ఆట ప్రోగ్రాము మాత్రం సొంతదారుల హక్కు. భారత కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచన కిందే లెక్కిస్తుంది కాబట్టి, రోమ్ ఫైళ్లను, అంటే పాత చిప్పుల్లోని ప్రోగ్రాము నకళ్లను, అనుమతి లేకుండా దించుకోవడం పుస్తకాన్ని దొంగచాటుగా అచ్చు వేసుకోవడం వంటిదే. న్యాయమైన దారి కూడా ఉంది. జపాన్‌లోని హ్యామ్‌స్టర్ సంస్థ ‘ఆర్కేడ్ ఆర్కైవ్స్’ పేరుతో పాత ఆటలను హక్కులు తీసుకుని ఒక్కొక్కటిగా కన్సోళ్లకు అందిస్తోంది.

దుబాసీ అవసరం లేని పద్ధతి ఇంకొకటి ఉంది. 2021 డిసెంబరులో వచ్చిన అనలాగ్ పాకెట్‌లో ఎఫ్‌పీజీఏ అనే చిప్ ఉంటుంది. లోపలి తీగల అల్లికను కావలసినట్టు మార్చుకోగల చిప్ అది. పాత బోర్డులోని ప్రాసెసర్, బొమ్మల సర్క్యూటు, శబ్దాల సర్క్యూటు వేటికవి ఒకేసారి పనిచేసేలా అందులో అల్లుకోవచ్చు. ఎఫ్‌పీజీఏ అంటే అచ్చు అసలు యంత్రమేనన్న ప్రచారం ఉంది. అది అతిశయోక్తి. ఆ అల్లికను రాసేదీ మనుషులే. పాత బోర్డును వారు ఎంత బాగా అర్థం చేసుకుంటే నకలు అంత బాగుంటుంది.

ఇక తెర. పాక్‌మాన్ తెర నిలువు, కన్సోళ్ల తెర అడ్డం. స్విచ్ తెర ఎత్తు 720 పిక్సెళ్లు. ఆట ఎత్తు 288. భాగిస్తే రెండున్నర. ఒక పిక్సెల్‌ను రెండున్నర పిక్సెళ్లుగా చేయడం కుదరదు కాబట్టి చిట్టడవిలో ఒక గీత రెండు పిక్సెళ్ల మందంగా, పక్క గీత మూడు పిక్సెళ్ల మందంగా పడుతుంది. పాక్‌మాన్ కదులుతుంటే నోటి ఆకారం మారుతూ కనిపిస్తుంది. చేయి తిరగనివారు వేసిన చుక్కల ముగ్గులా ఎక్కడో తేడా కొడుతుంది. పూర్ణసంఖ్యకు, అంటే సరిగ్గా రెండు రెట్లకు కట్టుబడితే బొమ్మ కచ్చితంగా ఉంటుంది. కానీ 6.2 అంగుళాల తెర మీద ఆట దాదాపు 4.8 సెంటీమీటర్ల వెడల్పు, 6.2 సెంటీమీటర్ల ఎత్తుకు కుంచించుకుపోతుంది. కన్సోల్‌ను నిలువుగా తిప్పితే సరిగ్గా మూడు రెట్లు పడుతుంది. అప్పుడు వెడల్పు 7.2, ఎత్తు 9.3 సెంటీమీటర్లు. విస్తీర్ణంలో రెండింతలకు మించిన లాభం. స్విచ్ పక్కల ఉండే జాయ్‌కాన్‌లను ఊడదీసి, తెరను నిలువుగా బిగించి పట్టుకోవడానికి ‘ఫ్లిప్ గ్రిప్’ అనే ప్లాస్టిక్ చట్రం కూడా అమ్మకానికి వచ్చింది. చూడటానికి చిన్న వస్తువే గానీ, నిలువు ఆటలకు దాని అంత మేలు చేసే ఉపకరణం అరుదు.

పాత తెర పిక్చర్ ట్యూబు. అందులో ఎలక్ట్రాన్ల పుంజం సెకనుకు దాదాపు 16 వేల గీతలు గీస్తూ పూతను వెలిగించేది. ఒక్కో పిక్సెల్ నలుచదరపు ఇటుకలా కాక, అంచులు మెత్తబడిన వెలుగు మచ్చలా ఉండేది. పోచంపల్లి ఇక్కత్‌లో ఒక రంగు ఇంకో రంగులోకి కొద్దిగా జారినట్టు ఉంటుంది, అలాగన్నమాట. ఆనాటి చిత్రకారులు ఆ జారుడును లెక్కలో పెట్టుకునే బొమ్మలు వేశారు. ఎల్‌సీడీ తెర మీద అవే బొమ్మలు కోసినట్టు మొరటుగా కనిపిస్తాయి. అందుకే ఎమ్యులేటర్లలో పిక్చర్ ట్యూబు గీతలను అనుకరించే ఫిల్టర్లు ఉంటాయి. పాక్‌మాన్ పెట్టెలో ట్యూబును పక్కకు తిప్పి బిగించారు కాబట్టి గీతలు పై నుంచి కిందికి రావాలి. చాలా ఫిల్టర్లు అలవాటుగా అడ్డగీతలే చూపిస్తాయి. అది తప్పు. అటారీ 1979లో తెచ్చిన ఆస్టరాయిడ్స్ మాత్రం ఏ ఫిల్టర్‌కూ పూర్తిగా లొంగదు. అందులో పుంజం వరుసగీతలు గీయకుండా, కలంతో గీసినట్టు ఓడనూ రాళ్లనూ నేరుగా గీస్తుంది. తూటా వెలుగు కంటికి సూది గుచ్చినట్టు ఉంటుంది. ఆ వెలుగుకు కాస్త దగ్గరగా వచ్చేది నలుపు నిజంగా నలుపుగా ఉండే ఓఎల్‌ఈడీ తెరే.

తెర కంటికి కనబడే సమస్య. కాలం కనబడదు గానీ ఆటగాడి చేతికి తెలుస్తుంది. పాక్‌మాన్ బోర్డు సెకనుకు 60.606 ఫ్రేములు గీస్తుంది, కన్సోల్ తెర సరిగ్గా 60. నిమిషానికి 36 ఫ్రేములు మిగిలిపోతాయి. వాటిని పారేస్తే సెకనున్నరకు కొద్దిగా అటూఇటూగా ఒక చిన్న కుదుపు. పారేయకుండా ఆటనే ఒక శాతం నెమ్మది చేస్తే కుదుపు పోతుంది గానీ శ్రుతి కూడా తగ్గుతుంది. ఆ తగ్గుదల ఒక స్వరస్థానంలో ఆరో వంతు, సంగీతం బాగా తెలిసిన చెవికి తప్ప అందదు. ఈ రెండిటిలో నెమ్మది చేయడమే మేలు. ఆసుస్ రాగ్ ఆలీ వంటి కొన్ని కన్సోళ్లలో తెరే తన వేగాన్ని ఆటకు తగ్గట్టు మార్చుకుంటుంది, అక్కడ ఈ చిక్కే లేదు.

ఆలస్యం ఇంకా పెద్ద చిక్కు. పాత పెట్టెలో జాయ్‌స్టిక్ తీగ నేరుగా బోర్డుకు వెళ్లేది. కన్సోల్‌లో బటన్ నొక్కిన సంకేతం బటన్ల చిప్, ఆపరేటింగ్ సిస్టమ్, ఎమ్యులేటర్, బొమ్మల వరుస, తెర అనే మెట్లన్నీ ఎక్కి దిగాలి. ఒక్కో ఫ్రేము ఆలస్యం 16.7 మిల్లీసెకన్లు. మూడు నాలుగు చేరితే దయ్యం ముందు మలుపు తప్పుతుంది. దీనికి రెట్రోఆర్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘రన్ అహెడ్’ అనే చక్కని ఉపాయం ఉంది. యంత్రం స్థితినంతా దాచిపెట్టి, ఇప్పుడు నొక్కిన బటన్ అలాగే ఉంటుందనుకుని ఒకటి రెండు ఫ్రేములు ముందుకు నడిపి, ఆ ముందు బొమ్మను ఇప్పుడే చూపించి, మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది. సెకనుకు అరవై సార్లు ఇదే తంతు. కొత్త ప్రాసెసర్ల మిగులు బలం నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల ఆలస్యాన్ని మాత్రం ఇది తీర్చలేదు. పాత ఆటలకు తీగ ఉన్నవే వాడాలి.

చివరిది చేయి. పాక్‌మాన్ జాయ్‌స్టిక్ నాలుగు దిక్కులకే కదిలేది, మూలలకు వెళ్లేది కాదు. పైగా పాక్‌మాన్ మలుపు గడి మధ్యకు చేరకముందే మీట తిప్పితే మూలను కోసుకుంటూ పోతాడు, దయ్యాలకు ఆ వీలు లేదు. తప్పించుకోవడమంతా ఆ కొన్ని పిక్సెళ్ల మీదే. అన్ని వైపులా తిరిగే అనలాగ్ మీటతో ఆడితే బొటనవేలు మూలకు జారి, మలుపు అందకుండా పోతుంది. సెట్టింగుల్లో మీటను నాలుగు దిక్కులకు పరిమితం చేసుకుంటే సగం బాధ తీరుతుంది. సెంటిపీడ్ వంటి ఆటలకు అదీ సరిపోదు. వాటికి అరచేత్తో దొర్లించే ట్రాక్‌బాల్ ఉండేది. స్టీమ్ డెక్ టచ్‌ప్యాడ్‌కు, వేలు తీశాక కూడా బంతిలా దొర్లుతూ పోయే అమరిక ఉంది. అది ట్రాక్‌బాల్‌కు మంచి బదులు.

ప్లస్ ఆకారపు మీట పుట్టిందే ఒక ఆర్కేడ్ ఆటను అరచేతిలోకి తేవడానికి. 1981లో పెద్ద పెట్టెలో వచ్చిన డాంకీ కాంగ్‌ను మరుసటి ఏడాది గేమ్ అండ్ వాచ్ అనే బుల్లి యంత్రంలో ఇమిడ్చేటప్పుడు, జాయ్‌స్టిక్‌కు చోటు లేక నింటెండోలోని గున్‌పేయ్ యొకొయ్ ఆ పలుచని మీటను రూపొందించారు. 2018 జూన్‌లో అసలు ఆర్కేడ్ డాంకీ కాంగే స్విచ్‌కు వచ్చింది. అయితే స్విచ్ ఎడమ జాయ్‌కాన్‌లో ప్లస్ మీట లేదు, నాలుగు విడి బటన్లున్నాయి. 2019లో వచ్చిన స్విచ్ లైట్‌లో ప్లస్ ఉంది గానీ, పక్క భాగాలు ఊడిరావు కాబట్టి తెరను నిలువుగా బిగించుకునే వీలు లేదు. పాత ఆటల కోసం కన్సోల్ కొనాలనుకునేవారు ప్రాసెసర్ ఎంత వేగమో అడగనక్కర్లేదు, ఈనాటి ఏ ప్రాసెసరైనా పాక్‌మాన్‌కు చాలు. దుకాణంలోనే ఆ మీట మీద బొటనవేలు పెట్టి, పైకీ పక్కకూ నాలుగుసార్లు గబగబా తిప్పి చూడండి. వేలు మూలకు జారకపోతే ఆ యంత్రం పనికొస్తుంది.